బడికి వెళ్లని పిల్లకి బడి టీంలో చోటు

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఆలెన్‌లో మన తెలుగువాళ్లు చుట్టాలకి తిప్పి చూపించే వింతల్లో ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంటుంది. 2012లో తెరిచారు. 18,000 సీట్లు, దాదాపు 6 కోట్ల డాలర్ల ఖర్చు. రెండేళ్లు నిండకుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూతపడింది, బాగుచేసి మళ్లీ తెరిచారు. చుట్టాలు నోరు తెరిచి చూసి, "ఇదంతా బడి పిల్లల ఆటకేనా?" అంటారు. బడి పిల్లల ఆటకే. బాండ్లు అమ్మి కట్టారు. ఆ బాండ్ల అప్పు ఊళ్లోని ఇళ్ల మీద వేసే ప్రాపర్టీ టాక్సుతో తీరుతుంది.

అందుకే టెక్సస్‌లో హోమ్‌స్కూల్ తల్లిదండ్రులు నలుగురు చేరితే మొదట వచ్చే మాట, "టాక్సు మేమూ కడుతున్నాం, మా పిల్లల్ని టీంలోకి ఎందుకు రానివ్వరు?" నేనూ హోమ్‌స్కూల్ తల్లినే. మా అమ్మాయి క్రాస్ కంట్రీ, అంటే గడ్డి మీదా మట్టి దారుల్లోనూ సాగే దూరపు పరుగు, పరిగెత్తుతుంది. ఇంట్లో చదువుకునే పిల్లలకి పబ్లిక్ స్కూల్ టీముల్లో అవకాశం ఉండాలనే నా పట్టు కూడా. కానీ ఈ టాక్సు వాదన మాత్రం నాకు నచ్చదు.

మా వీధి చివర రిటైరైన జంట ఒకరున్నారు. పిల్లల్లేరు. వాళ్లూ మాతో సమానంగా టాక్సు కడతారు. టాక్సు కట్టాం కదా అని ఆ పెద్దాయన స్కూల్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. టాక్సు కట్టినంత మాత్రాన మన వాటా మనం విడిగా కోసుకుని తెచ్చుకోలేం. పైగా లెక్క చూసినా అది మన వైపు నిలవదు. టెక్సస్‌లో బడికి రాష్ట్రం డబ్బు లెక్కకట్టేది పిల్లల హాజరుని బట్టి. 2019 నుంచి ఒక్కో పిల్లకి మూల కేటాయింపు 6,160 డాలర్లు ఉండేది, 2025లో ఇంకో 55 కలిపారు. మా అమ్మాయి ఆ బడి హాజరుపట్టీలో లేదు కాబట్టి ఆమె పేరు మీద ఆ డబ్బు రాదు. దీన్ని సర్దడానికే 2023లో ఒక చట్టం చేశారు. బళ్లో చేరని పిల్ల ఒక యాక్టివిటీలో పాల్గొంటే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఆ ప్రాంతపు పబ్లిక్ బళ్లని నడిపే సంస్థకి, 1,500 డాలర్లు ఇస్తారు. క్రాస్ కంట్రీకి కావలసినవి ఒక జెర్సీ, బస్సులో ఒక సీటు. ఆ ఖర్చుకి 1,500 ఎక్కువే. కాబట్టి డబ్బు సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. మేం హోమ్‌స్కూల్ మొదలుపెట్టింది మతం కోసమో సిద్ధాంతం కోసమో కాదు. 2020లో కోవిడ్‌తో అందరి పిల్లలూ ఇంట్లో కూర్చున్నప్పుడు మా అమ్మాయి అయిదో తరగతిలోకి వచ్చింది. నాది హెచ్-4 వీసా, అంటే భర్త ఉద్యోగ వీసా మీద వచ్చేది, ఉద్యోగం చేయడానికి పర్మిట్ లేదు. గుంటూరులో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషిని, ఇక్కడ కూరలు తరుగుతూ కూర్చున్నాను. జూమ్ క్లాసులో పిల్ల కెమెరా ఆపేసి బొమ్మలు వేసుకోవడం చూసి, ఈ మాత్రం దానికి నేనే చెప్పుకోవచ్చు కదా అనిపించింది. బళ్లు తెరిచాక కూడా అలాగే కొనసాగాం, ఎందుకంటే పిల్ల బాగా చదువుతోంది, నాకూ ఊపిరాడింది. మా అత్తగారు ఫోన్‌లో, "మంచి స్కూలుందనేగా అక్కడ అంత పోసి ఇల్లు కొన్నారు? ఇప్పుడు పిల్లని ఇంట్లో కూర్చోబెడతారా?" అన్నారు. ఆవిడన్న దాంట్లో తప్పేమీ లేదు. ఇక్కడ తెలుగువాళ్లు ఇల్లు కొనేటప్పుడు ముందు స్కూల్ రేటింగు చూస్తారు, తర్వాతే కిచెన్ చూస్తారు.

టెక్సస్‌లో ఇంట్లో చదువు చెప్పుకోవడం చాలా తేలిక. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు, లీపర్ కేసులో, ఇంటి బడిని ప్రైవేటు బడిగానే చూడాలని తేల్చేసింది. రిజిస్ట్రేషన్ లేదు, ఏటా పరీక్ష లేదు, ఇన్‌స్పెక్టరు రాడు. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండడం, ఇవి చెబితే చాలు. చదువు విషయంలో ఇంత స్వేచ్ఛ ఇచ్చిన రాష్ట్రం, ఆట దగ్గరకొచ్చేసరికి 2021 వరకూ తలుపు మూసే ఉంచింది. పబ్లిక్ స్కూళ్ల పోటీలన్నీ నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, అందరూ యూఐఎల్ అంటారు, బళ్లో చేరని పిల్లల్ని పోటీల్లోకి తీసుకునేది కాదు.

"క్లబ్బులు లేవా?" అని అడుగుతారు. కొన్ని ఆటలకి ఉన్నాయి. టెన్నిస్, జిమ్నాస్టిక్స్, ఈత, బ్యాడ్మింటన్‌ల్లో బడి అడ్డమే కాదు. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ హ్యూస్టన్ దగ్గర పెరిగిన పిల్ల, 2012లో బడి మానేసి ఇంట్లో చదువుకుంటూనే ప్రపంచ ఛాంపియన్ అయింది. హోమ్‌స్కూల్ వాళ్లు సొంతంగా లీగులు కూడా పెట్టుకున్నారు. హ్యూస్టన్ హోమ్‌స్కూల్ టీంలో బాస్కెట్‌బాల్ ఆడిన జస్టిన్ జాక్సన్ 2017లో నార్త్ కరోలినా తరఫున కాలేజీ ఛాంపియన్‌షిప్ గెలిచి, అదే ఏడాది ఎన్‌బీఏలో 15వ వాడుగా ఎంపికయ్యాడు. స్పెల్లింగ్ బీ అయితే మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. 2021లో గెలిచిన జైలా అవాంట్‌గార్డ్ ఇంట్లో చదువుకున్న పిల్లే. అక్కడ ఎవరూ ఏ బడి నీది అని తలుపు దగ్గర ఆపలేదు.

కానీ ఫుట్‌బాల్, ట్రాక్, క్రాస్ కంట్రీ, రెజ్లింగ్, మార్చింగ్ బ్యాండు, ఇవి ఇక్కడ బడి చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. వీటికి ఊళ్లో వేరే వేదిక దాదాపు ఉండదు. ఉన్నా నెలనెలా ఫీజు, వారాంతాల్లో గంటల కొద్దీ డ్రైవింగు, హోటల్ ఖర్చు. మా అమ్మాయి వేసవంతా పొద్దున్నే మా కాలనీ అమ్మాయిలతో కలిసి చెరువు చుట్టూ పరిగెత్తేది. వాళ్లలో వాళ్లు చేసుకునే ప్రాక్టీసు, కోచ్ ఉండదు, రూల్స్ ఉండవు. ఆగస్టు రాగానే వాళ్లు టీం టీషర్టులు వేసుకుని స్కూల్ ట్రాక్‌కి వెళ్లిపోయేవాళ్లు. ఈమె అదే చెరువు చుట్టూ ఒక్కతే.

నా అసలు వాదన ఇదే. బడి టీం ఆ బడి అడ్మిషన్ రిజిస్టరుకి చెందింది కాదు, ఆ చోటుకి చెందింది. శుక్రవారం రాత్రి స్టేడియంలో అరిచే వాళ్లలో సగం మందికి ఆ బళ్లో పిల్లలుండరు. "మా ఊరు గెలిచింది" అంటారు. రూల్స్ కూడా ఆ లెక్కనే రాశారు. ఎవరు ఏ స్కూల్‌కి ఆడాలో తేల్చేది ఇంటి అడ్రసు. ఆట కోసం బడి మారితే ఏడాది పాటు వార్సిటీకి, అంటే బడి మొదటి జట్టుకి, ఆడనివ్వరు. ఇంత గట్టిగా చోటుని పట్టుకున్న పద్ధతిలో, ఆ చోట్లోనే పుట్టి పెరిగిన పిల్లని బయటిది అనడం నాకు అర్థం కాదు.

హోమ్‌స్కూల్ వాళ్ల జెండా మీద ఉండే పేరు ఫుట్‌బాల్ ఆటగాడు టిమ్ టీబో. ఫ్లోరిడాలో 1996 నుంచే ఇంట్లో చదివే పిల్లలకి పబ్లిక్ స్కూల్ ఆటల్లో హక్కు ఉంది. ఆ చట్టం వల్లే అతను నీజ్ హైస్కూల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడిగా, ఆడాడు, 2005లో ఆ స్కూల్ రాష్ట్ర టైటిల్ గెలిచింది. 2007లో, కాలేజీ రెండో సంవత్సరంలోనే, ఉత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న మొదటి ఆటగాడు అతనే. ఆ తర్వాత ఏ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు వచ్చినా జనం దాన్ని టీబో బిల్లు అనడం మొదలుపెట్టారు. అయితే మా వైపు వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. టీబో ముందు జాక్సన్‌విల్లో వేరే బడికి వేరే పొజిషన్లో ఆడేవాడు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆడించే టీం కోసం తల్లీ కొడుకూ పక్క కౌంటీలో అపార్ట్‌మెంట్ తీసుకుని మారారు. అంటే వ్యతిరేకులు దేనికి భయపడుతున్నారో, సరిగ్గా అదే మా పోస్టర్ మీది కుర్రాడి కథ. చోటు ముఖ్యం అని నేను వాదించేటప్పుడు టీబో నాకు పనికిరాడు. అందుకే నేను అతని పేరు ఎత్తను.

కోర్టుల్ని నమ్ముకుని కూడా లాభం లేదు. బడి ఆటల్లో పాల్గొనడం హక్కు కాదు, ఒక సౌకర్యం మాత్రమే అని అమెరికా కోర్టులు చాలాసార్లు చెప్పాయి. 2005లో వెస్ట్ వర్జీనియా సుప్రీంకోర్టు అలాగే తీర్పిచ్చింది. అందుకే ఈ పోరు అసెంబ్లీల్లో సాగింది. వర్జీనియాలో 2015, 2016, 2017 వరసగా మూడేళ్లు బిల్లు పాసైంది, మూడుసార్లూ గవర్నర్ టెరీ మెకాలిఫ్ వీటో చేశాడు. న్యూయార్క్‌లో ఇప్పటికీ బళ్లో చేరిన వాళ్లకే ఆట. సగానికి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నాయి.

టెక్సస్ 2021లో సగం తలుపు తెరిచింది. ఇష్టమున్న డిస్ట్రిక్టులు ఒప్పుకోవచ్చు అంది. చాలా డిస్ట్రిక్టులు ఉలకలేదు, పలకలేదు, మాది కూడా. 2025లో చట్టాన్ని తిరగేశారు. ఇప్పుడు ఒప్పుకున్నట్టే లెక్క, వద్దనుకునే డిస్ట్రిక్ట్ బోర్డులో ఓటు పెట్టి మరీ బయటికి రావాలి. మా డిస్ట్రిక్ట్ ఓటు పెట్టింది, బయటికి వచ్చింది. ఆ మీటింగులో మాట్లాడటానికి నాకూ మూడు నిమిషాలు ఇచ్చారు. ట్రస్టీలు, అంటే బోర్డు సభ్యులు, మర్యాదగా విన్నారు. పేపర్ వర్క్ పెరుగుతుంది, మా పిల్లలకి అన్యాయం జరుగుతుంది, అని రెండు కారణాలు చెప్పి చేతులెత్తారు.

పేపర్ వర్క్ గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు. అన్యాయం మాట దగ్గర ఆగాలి. ఎందుకంటే దాన్ని నాకు సూటిగా చెప్పింది ట్రస్టీ కాదు, నా స్నేహితురాలు. నాకన్నా చిన్నది, అక్కా అని పిలుస్తుంది. వాళ్లమ్మాయి అదే స్కూల్ క్రాస్ కంట్రీ టీంలో ఉంది.

ఈ ఆట తెలియని వాళ్లకి ఒక మాట. క్రాస్ కంట్రీలో వార్సిటీకి ఏడుగురు పరిగెత్తుతారు. మొదటి అయిదుగురి స్థానాలు కూడి, ఎవరికి తక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. ఆరు, ఏడు కూడా ఊరికే ఉండరు, వాళ్లు ముందొస్తే ఎదుటి జట్టు అంకె పెరుగుతుంది. మిగతా వాళ్లంతా జేవీలో, అంటే రెండో జట్టులో, పరిగెత్తుతారు. టీంలోంచి ఎవరినీ తీసేయరు కానీ, ఆ ఏడో పేరు మాత్రం ఒక్కటే ఉంటుంది. నా స్నేహితురాలి కూతురు ఏడో అమ్మాయి.

"నువ్వేమీ అనుకోనంటే ఒకటి చెప్తాను అక్కా," అంది. "మీ అమ్మాయి వస్తే మాది జేవీకి పోతుంది. అది కూడా పర్వాలేదు. కానీ మాది పొద్దున్నే లేచి ప్రాక్టీసుకెళ్లి, అక్కణ్నుంచి క్లాసులకెళ్లి, కెమిస్ట్రీ టెస్టులు రాసి, రాత్రి పదకొండింటికి పడుకుంటుంది. మీది నిద్ర సరిపోయాక లేస్తుంది. ఇద్దరూ ఒకే గీత దగ్గర నిలబడితే అది సమానమా?"

ఏడో సీటు గురించి నాకు జవాబుంది. జూలైలో హ్యూస్టన్ నుంచి ఒక కుటుంబం వాళ్ల వీధిలోకి మారొస్తే, వాళ్ల పిల్ల వేగంగా పరిగెత్తితే, అప్పుడూ ఏడో పేరు మారుతుంది. దాన్ని ఎవరూ అన్యాయం అనరు. సీటు ఎవరికీ రిజర్వు చేసింది కాదు, గడియారం ఇచ్చేది. ఇంట్లో చదువుకుంటోంది కాబట్టి వేగంగా ఉన్నా వద్దు అంటే, గడియారాన్ని పక్కన పెట్టినట్టే కదా.

నిద్ర సంగతికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. సిమోన్ బైల్స్ బడి మానేశాక వారానికి 20 గంటల ప్రాక్టీసు 32 గంటలైందని అందరికీ తెలిసిన సంగతే. సమయం కలిసొస్తుంది కాబట్టే చాలామంది ఆటగాళ్లు హోమ్‌స్కూల్‌కి వస్తారు. బడి రోజుల్లో, బడి వేళల బయట కోచ్ వారానికి 8 గంటలకి మించి ప్రాక్టీసు చేయించకూడదని యూఐఎల్ రూలు పెట్టింది కానీ, పిల్లలు సొంతంగా చేసుకునే దాని మీద ఎవరికీ అదుపు లేదు. గంటకింత అని ప్రైవేటు కోచ్‌ని పెట్టుకున్న బడి పిల్లలూ ఉన్నారు, ఆ తేడాని ఎవరూ అడగరు, అని నేనన్నాను. "ఉన్న తేడా చాలదా, ఇంకోటి ఎందుకు?" అంది. ఆ పూటకి వదిలేశాం. నేను చేయగలిగింది ఒక్కటే ఒప్పుకోవడం. టీంలో చేరిన పిల్ల అందరితో పాటు పొద్దున ప్రాక్టీసుకి రావాలి, వాళ్లు లేచే వేళకి లేవాలి, కోచ్ చెప్పిన షెడ్యూలే చేయాలి. మధ్యాహ్నం తీరిగ్గా పరిగెత్తి శనివారం పోటీకి వస్తానంటే కుదరదు.

మార్కుల గొడవ ఇంకా గట్టిది. 1984 నుంచి టెక్సస్‌లో "నో పాస్, నో ప్లే" ఉంది. ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తగ్గితే కనీసం మూడు వారాలు పోటీల్లో ఆడకూడదు. పిల్లలకి దీని టెన్షన్ ఎంతుంటుందో బడికి పంపే తల్లుల్ని అడగండి. ఏపీ, డ్యూయల్ క్రెడిట్ లాంటి కాలేజీ స్థాయి క్లాసులు కొన్నింటికి ఈ రూలు నుంచి మినహాయింపు ఉందన్నది వేరే సంగతి. మరి ఇంట్లో చదివే పిల్లకి? మొదట ఒక జాతీయ స్థాయి పరీక్ష రాసి సగటు మార్కులో, అంతకన్నా ఎక్కువో తెచ్చుకోవాలి. ఆ తర్వాత గ్రేడింగ్ పీరియడ్ అయినప్పుడల్లా, అన్ని సబ్జెక్టుల్లో పాసవుతోందని ఇంట్లో చదువు చెప్పేవాళ్లు రాసిస్తే సరిపోతుంది.

మా ఇంట్లో అది రాసిచ్చేది నేను. మార్కులు వేసేదీ నేనే, పోటీలో పిల్ల పరిగెత్తాలని ఆశపడేదీ నేనే. పదేళ్లకు పైగా పరీక్ష పేపర్లు దిద్దాను. ఈ ఏర్పాటు ఏ కాలేజీలో ఉన్నా నేనే ముందు నవ్వేదాన్ని. వర్జీనియాలో వీటోకి చెప్పిన కారణం కూడా ఇదే, బడి పిల్లలకున్న చదువు షరతులు వీళ్లకి లేవు కదా అని. మా వాళ్లు దీన్ని పక్షపాతం అని కొట్టేస్తారు. నాకు అది న్యాయమైన ప్రశ్నగానే కనిపిస్తుంది. జవాబు కూడా పెద్ద కష్టం కాదు. సెమిస్టర్‌కి ఒకసారి ఆ స్కూల్లోనే, వాళ్ల ముందే కూర్చుని లెక్కలు, ఇంగ్లిష్ పరీక్ష రాయాలి. లేదా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న క్లాసు మార్కులు చూపించాలి. నా ఉత్తరం చించేసినా నాకు బాధ లేదు.

ఇలా అంటే హోమ్‌స్కూల్ గ్రూపుల్లో నా మీద విరుచుకుపడతారు. హోమ్‌స్కూలర్లలోనే ఒక వర్గం అసలు ఈ చట్టాన్నే వద్దంది. ఆట పేరుతో పరీక్ష వస్తుంది, పరీక్ష వెనక ఇన్‌స్పెక్టరు వస్తాడు, 1994లో గెలుచుకున్నది పోతుంది అని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిదని నేను అనను. కానీ పరీక్ష అడిగేది టీంలోకి వస్తామన్న పిల్లని. ఇంట్లో ఉండేవాళ్ల జోలికి ఎవరూ రారు. మాకు ఏ షరతూ వద్దు, జెర్సీ మాత్రం కావాలి అంటే వినేవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించాలి కదా.

ఇంకో చిన్న ఆరోపణ ఉంది, ఫుట్‌బాల్ తండ్రులు కొడుకుని ఒక ఏడాది హోమ్‌స్కూల్ పేరుతో ఆపి, బలిసాక తొమ్మిదో తరగతిలో చేరుస్తారని. చేసేవాళ్లున్నారు. సెప్టెంబరు 1కి 19 ఏళ్లు నిండకూడదు, తొమ్మిదిలో చేరినప్పట్నుంచి నాలుగేళ్లే ఆడాలి అనే రూల్స్ అందుకే ఉన్నాయి. అవి అందరికీ ఒకటే.

నా మాట వినే మా తమ్ముడు, విజయవాడలో ఉంటాడు, "దీనికి ఇంత యుద్ధం అవసరమా?" అంటాడు. మేమిద్దరం ఇంటర్ చదివింది గ్రౌండు లేని కాలేజీల్లో. అయిదంతస్తుల బిల్డింగు, స్టడీ అవర్లు, ఆదివారం కూడా టెస్టు. పరిగెత్తాలంటే డాబా మీదే, అదీ వార్డెన్ చూడనప్పుడు. కాలేజీ రిజిస్టర్లో మా పేర్లు పక్కాగా ఉండేవి, ఆటే లేదు. మా అమ్మాయికి ఊరంతా గ్రౌండ్లే, రిజిస్టర్లో పేరు లేదు. తమ్ముడికి ఇది చెబితే, "నీ కూతురు ఆడకపోతే కొంపేం మునగదు" అన్నాడు. వాడు ఐఐటీ కోచింగు బాధితుడు, వాడి మాట పట్టించుకోనవసరం లేదు.

2025 చట్టంలో ఒక మెలిక ఉంది. సొంత డిస్ట్రిక్ట్ వద్దంటే, ఒప్పుకున్న డిస్ట్రిక్టుల్లో దగ్గర్లో ఉన్నదానికి వెళ్లి ఆడొచ్చు. అలా మా అమ్మాయి ఈ సీజన్ పక్క డిస్ట్రిక్ట్ జెర్సీ వేసుకుంది. కోచ్ మంచివాడు, టీం బాగా కలుపుకుంది, నేను ఫిర్యాదు చేయకూడదు. కానీ సెప్టెంబరులో జరిగిన ఒక మీట్‌లో ఆమె ఎవరితో పోటీ పడిందంటే, వేసవంతా చెరువు చుట్టూ తనతో పరిగెత్తిన అమ్మాయిలతో. మా డిస్ట్రిక్ట్ తన పిల్లలకి అన్యాయం జరగకూడదని ఓటేసి, తన వీధిలో పెరిగిన పిల్లని ఎదుటి జట్టుకి ఇచ్చింది. చోటు అన్న మాటకి చట్టమే ఇక్కడ నీళ్లొదిలేసింది. అన్ని డిస్ట్రిక్టులకీ ఒకే రూలు పెట్టి, ఆ పరీక్ష షరతు కూడా చేర్చి, ఈ వద్దనే వీలు తీసేయాలని నేను అనేది అందుకే.

ఆ మీట్‌లో ఏడో అమ్మాయి తన సొంత రికార్డు కన్నా మెరుగ్గా పరిగెత్తింది, జేవీకి పోలేదు. వాళ్లమ్మ నాకు ఇడ్లీ డబ్బా అందిస్తూ, "మీది ఇటువైపు ఉండి ఉంటే మనం గెలిచేవాళ్లం అక్కా," అంది. ఆమె మనసు మారిందని కాదు. సమానమా అన్న ప్రశ్న ఇంకా అడుగుతూనే ఉంది.

మేలో స్కూల్ బోర్డు ఎన్నికలున్నాయి. మాకు ఇల్లుంది, టాక్సుంది, గ్రీన్‌కార్డు క్యూలో నెంబరుంది, ఓటు లేదు. నా స్నేహితురాలికి సిటిజన్‌షిప్ వచ్చింది, ఓటేస్తుంది. పోటీ చేస్తున్న వాళ్లని ఈ విషయం అడుగుతానంది. ఏ వైపు అడుగుతావని నేనడిగితే, "ముందు నీ షరతులన్నీ ఒక పేజీలో రాసివ్వు, చదివి చెప్తాను" అంది. ఆ పేజీ రాయబోతే ఇంత పొడుగైంది.